అరువు పేరుతో అన్వేషణ

1966లో దక్షిణ కొరియా అనాథాశ్రమం నుంచి కాలిఫోర్నియాకు దత్తత వెళ్లిన ఎనిమిదేళ్ల పాప పాస్‌పోర్టులో పేరు చా జంగ్ హీ. అసలు పేరు కాంగ్ ఓక్ జిన్. ఒకరికి బదులు మరొకరిని పంపేశారు. నిజానికి ఆమె అనాథ కాదు, తల్లి బతికే ఉంది. పెద్దయ్యాక డియాన్ బోర్షే లీమ్‌గా కెమెరా పట్టిన ఆమె, పెంచిన తల్లిదండ్రులను వెంటబెట్టుకుని కన్నతల్లి దగ్గరికి వెళ్లారు. మాతృభాష మరిచిన కూతురికీ తల్లికీ మధ్య దుబాసీ! ఆ ప్రయాణమే 2000 నాటి 'ఫస్ట్ పర్సన్ ప్లూరల్'. తర్వాత అసలు చా జంగ్ హీని వెతుకుతూ కొరియాలో తిరిగి, ఆ పేరున్న పలువురిని కలిసి 2010లో మరో చిత్రం తీశారు. విదేశీ దత్తత పత్రాల్లో తప్పుడు వివరాలు రాశారని 2025 మార్చిలో అక్కడి సత్యాన్వేషణ కమిషన్ తేల్చింది. ఆమె కెమెరా ఆ మాట పాతికేళ్ల ముందే చెప్పింది.