తాళంచెవి లేని తలుపు మనకొద్దు

కొడుకుది బెంగళూరులో ఉద్యోగం. ఊళ్లో కట్టించిన కొత్తింటికి వేలిముద్ర తాళం బిగించి, ఇంట్లోవాళ్ల వేళ్లన్నీ ఎక్కించి బస్సెక్కుతాడు. శెనక్కాయలు పీకే రోజులొస్తాయి. పొద్దంతా చేలో ఉండి వచ్చిన అమ్మ బొటనవేలు పెడితే ఎర్రలైటు. కొంగుకు తుడుచుకుని మళ్లీ పెడితే మళ్లీ ఎర్రలైటే. నాలుగైదు సార్లు తప్పాక ఆ తాళం కాసేపు అసలు పలకదు. తన గడప ముందు తానే నిలబడి, లోపలికి పోనివ్వమని కొడుక్కి ఫోన్ చేయాలి.

అనంతపురం పల్లెలకు ఈ అవమానం కొత్త కాదు. 2015లో ఆంధ్రప్రదేశ్ రేషన్ దుకాణాల్లోకి ఈ-పాస్ మిషన్లు వచ్చిన నాటి నుంచీ ‘ముద్ర పడలేదు, రేపు రా’ అన్న మాట స్టోరు ముందు వింటూనే ఉన్నారు. దేశం మొత్తం మీద సంగతీ అంతే. ప్రభుత్వ పథకాల్లో ఆధార్ ధ్రువీకరణ నూటికి 88 సార్లే కుదురుతోందని 2018లో ఆధార్ సంస్థ అధిపతే సుప్రీంకోర్టుకు చెప్పారు. మిగతా 12 ఎవరివో వేరే చెప్పాలా?

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఈ జిల్లా బండ్లపల్లిలోనే. కరువు నేలలో గడ్డపార పట్టి కుంటలు తవ్విన చేతులివి. విత్తనానికి కాయలు ఒలిచే ఆడవాళ్ల బొటనవేలినీ చూపుడువేలినీ వెలుతురులో పెట్టి చూడండి. కొసన గీతలు అరిగి చర్మం నున్నగా మెరుస్తుంటుంది, పక్కన సన్నటి పగుళ్లు, వాటిలో ఎంత కడిగినా పోని ఎర్రమట్టి. తాపీ పనివాళ్ల వేళ్లను సిమెంటు తినేస్తుంది, గిన్నెలు తోమేవాళ్ల వేళ్లను సబ్బు నీళ్లు. తాళంలోని సెన్సారు చదివేది ఆ గీతల మిట్టపల్లాలనే. చర్మం ఎండిపోయినా దానికి సరిగా ఆనదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నిలకడగా పడని సీమలో ఎండిన చేతులు కాక ఏముంటాయి? ఆఫీసులో మెత్తటి వేళ్లకు పనిచేసిందని ఇక్కడి తలుపుకు బిగించడం అన్యాయం.

అసలు ప్రమాదం వేరే ఉంది. తాళంచెవి పోతే తాళం మారుస్తారు. ముద్ర దొంగల పాలైతే వేలు మారుస్తారా? 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలను దించుకుని, రబ్బరు స్టాంపుల్లా చేయించి, వాటితో వేల సిమ్ కార్డులు తెరిచి పట్టుబడ్డాడు. పొలం అమ్మినప్పుడో ఇల్లు కొన్నప్పుడో మన పెద్దలు నమ్మి వేసిన ముద్రలవి! జపాన్‌లో మత్సుమోతో అనే పరిశోధకుడి బృందం 2002లోనే జెలటిన్‌తో దొంగవేళ్లు చేసి సెన్సార్లను మోసం చేసి చూపింది. అయినా అంగట్లో ‘మీ వేలే మీ తాళం’ అని ఊదరగొడుతూనే ఉన్నారు. ఈ మాట నమ్మి ఇల్లు అప్పగించకండి.

తాళంచెవులు పోగొట్టుకుంటాం కదా అంటారు. పక్కింట్లో ఒకటి పెట్టుకుంటే తీరే సమస్య అది. తాళంలోని పెన్సిల్ సెల్స్ అయిపోయే ముందు అది కూత పెడుతుందిగా అంటారు. కొడుకులు వలసపోయి ముసలివాళ్లు మిగిలిన ఇంట్లో ఆ కూత ఎవరికి అర్థం కావాలి? సెల్స్ అయిపోయాక బయటి నుంచి కరెంటు అందించే పిన్ను ఉంటుంది నిజమే. నడి మే నెలలో, పడమటి తలుపు ముందు, ఆ ముసలాయన పవర్ బ్యాంకు ఎక్కడ తెస్తాడు?

అలాగని తలుపుకు పాత గుండ్రటి నాబ్ గొప్పదని ఎవరూ అనడం లేదు. కీళ్లు పట్టేసిన చేతికి దాన్ని తిప్పడం కష్టమే. కెనడాలోని వాంకూవర్ నగరం కొత్త ఇళ్లకు గుండ్రటి నాబ్‌లు వద్దని 2013లో నిబంధన తెచ్చి, మోచేత్తో నొక్కినా తెరుచుకునే పిడి పెట్టమంది. మనకు కావలసింది ఆ పిడి, దాని కింద మామూలు తాళంచెవి రంధ్రం. ఆపైన ముచ్చటపడితే వేలిముద్ర పెట్టుకోండి.

కాబట్టి ఇల్లు కట్టించేవాళ్లు చెవి రంధ్రం లేని తాళం కొనొద్దు. అపార్ట్‌మెంట్ బిల్డర్ అలాంటిది బిగిస్తే డబ్బు కట్టే ముందే తీయించండి. అంగడివాడు తన వేలితో తెరిచి చూపిస్తే సరిపోదు. ఇంట్లో అందరికంటే పెద్దావిడ చేత, పని నుంచి వచ్చిన చేత్తోనే, పదిసార్లు పెట్టించండి. ఒక్కసారి తప్పినా ఆ పెట్టెను అక్కడే వదిలేసి రండి. స్టోరు దగ్గరా ఇదే పట్టు పట్టాలి. ముద్ర పడనివాళ్లకు కంటిపాప మిషనో, ఓటీపీయో, అదీ లేకపోతే కార్డు చూసి రిజిస్టరులో రాసుకునో, ఆ రోజు బియ్యం ఆ రోజే ఇవ్వాలి. ఈ నెల ఎవరినైనా వెనక్కి పంపితే, పేరూ తేదీ కాగితం మీద పెట్టి తహసీల్దారు చేతికే ఇవ్వండి.