నలుగురి మాట: గుమాస్తా లేని డెస్పాచి

మారతహళ్ళి తెలుగు కుటుంబాలలో పెళ్ళిసంబంధాల ప్రసక్తి వచ్చినప్పుడు ఈమధ్య ఒక ఉద్యోగం పేరు తరచుగా వినబడుతున్నది: డెవాప్సు. ఇంజనీరంటే తెలుసును, ఆడిటరంటే తెలుసును. ఈ డెవాప్సు ఏమిటి నాయనా అంటే, అబ్బాయి "పైపులైను చూస్తానండీ" అంటాడు. పిల్ల తండ్రికి నీళ్ళ పైపులు గుర్తుకు వస్తాయి. వంతెన దగ్గర ఔటర్ రింగు రోడ్డు మీద ఎటు చూసినా ఈ విద్య నేర్పుతామనే బోర్డులు, వాటి పక్కనే హాస్టళ్ళు, ఆంధ్రా మెస్సులు. ఇంతమంది పిల్లలు నేర్చుకొనే విద్య గనుక, నాకు బోధపడినంత మేరకు రాస్తున్నాను. నేను మెట్రిక్యులేషను చదివిన గుమాస్తాను. కంప్యూటరు లోతులు నావి కావు గాని డెస్పాచి సెక్షను సంగతి ఎరుగుదును. ఇదీ ఒక డెస్పాచి సెక్షనే.

ప్రోగ్రాము రాసినవాడి బల్ల మీదనే ఉండిపోతే ఎవరికి లాభం? అది జనం వాడే కంప్యూటర్లకు చేరాలి. ఆ కంప్యూటర్లు చాలావరకు ఇప్పుడు అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ వంటివారి భవనాలలో అద్దెకు దొరుకుతాయి. దీనినే క్లౌడు అంటారు. మబ్బుకూ దానికీ చుట్టరికం ఏమీ లేదు. అమెజాన్ వారు అటువంటి కేంద్రాలను ముంబయిలో 2016లోను, మన హైదరాబాదులో 2022లోను తెరిచారు. ఆ అద్దె యంత్రాలకు పని పురమాయించడానికి తెర మీద బొమ్మలు నొక్కవచ్చు. కాని రోజుకు పదిసార్లు చేసే పనికి అది ఓపికతో కూడిన వ్యవహారం. అంచేత ఆజ్ఞలను వరుసగా ఒక ఫైలులో రాసి పెట్టుకొంటారు. దాని పేరు స్క్రిప్టు. అమెజాన్ వారికి చెప్పే ఆజ్ఞ 'ఏడబ్ల్యుఎస్' అని మొదలవుతుంది, మైక్రోసాఫ్ట్ వారికి 'ఏజడ్' అని, గూగుల్ వారికి 'జీక్లౌడ్' అని. ఆ ఫైలును చదివి, మనిషి చెయ్యి తగలకుండా నడిపించేదే పైపులైను. వాటిలో పేరుమోసిన జెంకిన్సుకు గుర్తు ఏమిటంటే, మెడకు బో కట్టుకొని, చేతిమీద తుండుగుడ్డ వేసుకొన్న బట్లరు బొమ్మ.

యంత్రమే అన్నీ చేస్తుంటే కుర్రవాడికి పనేమున్నది, అర్ధరాత్రి ఆ ఫోన్లేమిటి, అని తల్లులు అడుగుతున్నారు. నౌకరు చెప్పినట్లు చేస్తాడు, సరే. చెప్పినట్లే చేస్తాడు, అదే చిక్కు.

స్క్రిప్టును నడిపే షెల్లు అనే సాధనానికి పుట్టుకతో వచ్చిన చెడ్డ అలవాటు ఒకటి ఉన్నది. పది ఆజ్ఞలలో మూడవది తప్పినా అది ఆగదు, నాలుగవ దానికి పోతుంది. ప్రతి ఆజ్ఞా ముగిసేటప్పుడు ఒక అంకె చెబుతుంది: సున్న అంటే క్షేమం, మరేదైనా అయితే తప్పు. (మన బడిలో సున్న తెచ్చుకొన్నవాడి గతి వేరు సుమా!) అయితే మొత్తం స్క్రిప్టు ఫలితంగా పైపులైనుకు అందేది చివరి ఆజ్ఞ చెప్పిన అంకె ఒక్కటే. చివర 'పని పూర్తయినది' అని అచ్చువేసే ఆజ్ఞ ఉన్నదనుకోండి, అది సున్న చెప్పి ఊరుకొంటుంది. పైన కొంప మునిగినా తెరమీద పచ్చదీపం వెలుగుతుంది. డెస్పాచి రిజిస్టరులో 'పంపడమైనది' అని టిక్కు పడి, కవరు మాత్రం బల్ల సొరుగులోనే ఉన్నట్లు! అందుకని తెలిసినవారు స్క్రిప్టు మొదట్లోనే 'సెట్ మైనస్ ఇ' అని రాస్తారు. తప్పు జరిగిన చోటే ఆగిపొమ్మని దాని అర్థం. కొన్ని పైపులైన్లు ఈ కట్టడి తామే చేస్తాయి, కొన్ని చేయవు. ఏది ఎటువంటిదో కుర్రవాడు ఎరిగి ఉండాలి.

ఆగినదాన్ని మళ్ళీ మొదటినుంచి నడిపేటప్పుడు ఇంకొక జాగ్రత్త. పులుసులో అత్తగారు ఒకసారి, కోడలు ఒకసారి ఉప్పు వేసినట్లు కాకూడదు. 'ఉన్నదా? లేకపోతేనే చేయి' అనే పద్ధతిలో రాయాలి.

నా మట్టుకు నాకు అన్నిటికంటె పెద్దదిగా తోచినది తాళపుచెవుల సంగతి. యంత్రం క్లౌడులో అడుగు పెట్టాలంటే తాళపుచెవి కావాలి, అనగా ఒక రహస్యపు అక్షరమాల. కొందరు దానిని స్క్రిప్టులోనే రాసిపెట్టేవారు, గడప మీదే తాళపుచెవి పెట్టి ఊరికి పోయినట్లు. 2016లో ఉబర్ కంపెనీ ప్రోగ్రాములు దాచుకొనే చోట దొంగలకు ఇట్లాగే అమెజాన్ తాళపుచెవి దొరికింది. 5 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయి. కంపెనీవారు ఆ సంగతిని 2017 నవంబరుదాకా పైకి పొక్కనీయలేదు. ఇప్పటి మంచి పద్ధతి వేరు. పైపులైను తానెవరో రుజువు చేసుకొని, ఆ పనికి, ఆ కాసేపటికి మాత్రమే చెల్లే చీటీ తీసుకొంటుంది. గిట్‌హబ్ వారు 2021లో ఈ సదుపాయం కల్పించారు. ఆఫీసులో గేటు పాసు వంటిది, సాయంత్రానికి చెల్లదు. ఆ చీటీ మీద కూడా ఏ గదిలోకి పోవచ్చునో రాసి ఉండాలి. అన్ని గదులకూ ఒకే పాసు ఇచ్చే కంపెనీలు ఇంకా ఉన్నాయంటే నాకు ఆశ్చర్యం లేదు, ఎన్ని ఆఫీసులలో రబ్బరు స్టాంపు బల్ల మీదే పడి ఉండదు!

ఒక్క మాట తప్పు పడితే ఏమవుతుందో 2017 ఫిబ్రవరి 28న లోకమంతా చూసింది. మన గడియారంలో రాత్రి 11 గంటల 7 నిమిషాలు. అమెరికాలో అమెజాన్ వారి ఎస్3 అనే నిల్వ విభాగంలో బిల్లుల లెక్క మందకొడిగా సాగుతున్నదని, ఒక ఉద్యోగి కొన్ని సర్వర్లను తొలగించే ఆజ్ఞ ఇచ్చాడు. అధికారం ఉన్నవాడే, రాసిపెట్టిన పద్ధతి ప్రకారమే. కాని ఆజ్ఞలో ఒక వివరం తప్పు పడి, అనుకొన్నదానికంటె చాలా ఎక్కువ సర్వర్లు పోయాయి. ఎన్నో వెబ్‌సైట్లు నిలిచిపోయాయి. సేవలు సరిగా లేవని చెప్పవలసిన అమెజాన్ వారి సూచికే ఎస్3 మీద ఆధారపడి ఉండటంచేత, అది కొంతసేపు అంతా క్షేమమనే చూపింది! పూర్తిగా చక్కబడేసరికి మనకు తెల్లవారుజామున 3 గంటల 24 నిమిషాలు. ఇటువంటి రాత్రులలోనే తల్లులు చెప్పే ఆ ఫోన్లు మోగేది.

తరువాత అమెజాన్ వారు వెలువరించిన వివరణలో ఆ ఉద్యోగి పేరు లేదు. సాధనాన్ని మార్చామని చెప్పారు: ఇకమీదట అది సర్వర్లను నెమ్మదిగా తొలగిస్తుంది, కనీసపు సంఖ్యకంటె తగ్గించే ఆజ్ఞను ఒప్పుకోదు. మన కుర్రవాళ్ళు నడిపే పైపులైన్లలోనూ చెరిపివేసే ఆజ్ఞకు ముందు ఒక పెద్దవారి ఆమోదం కావాలని కట్టడి పెట్టుకోవచ్చు. ఆ పెద్దవారు నిద్రలో ఉంటే, బట్లరు తుండుగుడ్డ చేతిమీద వేసుకొని అట్లాగే నిలబడి ఉంటాడు.