తుపాకీ కొనే ముందు ఒక్క నిమిషం

మా టీములో ఒకాయన మొన్న లంచ్ టైములో లాప్‌టాప్ తెరిచి ఒక ఎక్సెల్ షీటు చూపించాడు. పదకొండు ఎయిర్ రైఫిళ్ళు, పద్నాలుగు కాలమ్‌లు. బరువు, బ్యారెల్ పొడవు, ట్రిగ్గర్, సిలిండర్ కెపాసిటీ, రూపాయల్లో ధర, యూరోల్లో ధర.. చివర్లో అన్నిటికీ వెయిటేజీ ఇచ్చి ఒక స్కోరు. వాళ్ళబ్బాయికి పన్నెండేళ్ళు. సెలవుల్లో షూటింగులో చేర్పిస్తాడట. "మీ పాప షూటింగ్ చేసేది కదా, ఏది కొనమంటారు?" అనడిగాడు.

ఏదీ కొనొద్దన్నాను. జోకనుకుని నవ్వాడు. రెండోసారి చెప్పేసరికి మొహం మాడ్చుకున్నాడు. క్యాంటీన్లో పది నిమిషాల్లో సరిగ్గా చెప్పలేకపోయానని ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. ఆయనొక్కడి కోసమే కాదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ నాలుగు పతకాలు తెచ్చాక మా పోచారం వైపు కూడా ఇలాంటి షీట్లు చాలానే తయారయ్యాయి. (ఆ అమ్మాయి కాల్చేది పిస్టల్ అని, రైఫిల్ కాదని ఇందులో సగం మందికి తెలీదు. అది వేరే సంగతి.)

నేను చెప్పేది ఒకటే. టార్గెట్ షూటింగు కొత్తగా మొదలుపెట్టేవాడి మొదటి రైఫిలు క్లబ్బు రైఫిలే అయ్యుండాలి. కనీసం ఆర్నెల్లు దానితో కాల్చకుండా సొంత రైఫిలు కొనడం తప్పు. అనవసరం అనట్లేదు, తప్పంటున్నాను. డబ్బు దండగ కావడం అందులో చిన్న నష్టం.

ఎందుకంటున్నానో చెప్పాలంటే నా ఘనకార్యం చెప్పుకోవాలి.

మేముండేది అన్నోజిగూడలో. మా అమ్మాయికి పదమూడేళ్ళప్పుడు స్కూల్లో ఎవరో రెండ్రోజులు ఎయిర్ రైఫిల్ క్యాంపు పెట్టారు. ఇంటికొచ్చి అదే ధ్యాస. సరే, నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని కదా, నాకు తెలిసిన పని నేను చేశాను, అంటే రీసెర్చి. మూడు వారాలు రాత్రిళ్ళు వీడియోలు చూశాను. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, ఆన్‌షుట్జ్, స్టేయర్ పేర్లన్నీ బట్టీపట్టాను. ఆన్‌సైట్ బోనస్ మిగిలుంది. రెండు లక్షల పైచిలుకు పెట్టి ఒక జర్మన్ రైఫిలు తెప్పించాను. అప్పటికి మేమింకా ఒక్క రేంజిలో కూడా అడుగు పెట్టలేదు. అంటే క్లయింటుని కలవకుండానే లైసెన్సులు కొనేసిన మేనేజర్లాగన్నమాట.

పెట్టె తీసుకుని నాచారంలో ఒక పాత షెడ్డులో నడిచే చిన్న రేంజికి వెళ్ళాం. కోచ్ రిటైర్డ్ మిలిటరీ మనిషి. పెట్టె వైపు చూడనేలేదు. "తుపాకీ తర్వాత సార్, ముందు పాపని చూడనీయండి" అన్నాడు. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు కలిపి మధ్యలో చిన్న సందు చేసి, అందులోంచి గోడ గడియారం చూడమన్నాడు. తర్వాత ఒక్కో కన్నూ మూయమన్నాడు. ఏ కన్ను తెరిచి ఉంటే గడియారం సందులో నిలబడుతుందో అది పెత్తనం చేసే కన్ను. మా అమ్మాయిది కుడిచేతి వాటం. పెత్తనం చేసేది ఎడమ కన్ను.

నేను కొన్నది కుడిచేతి స్టాకు ఉన్న, పెద్దవాళ్ళ సైజు రైఫిలు. నా షీట్లో ఈ రెండింటికీ కాలమే లేదు.

ఆయన మర్యాదగా చెప్పాడు. ఎడమ కన్నుకి పట్టీ పెట్టి కుడివైపు నుంచి కాల్చేవాళ్ళూ ఉన్నారు, కానీ మొదలుపెట్టేటప్పుడే అయితే కన్ను ఎటుంటే అటు నేర్పడం మేలు, మా దగ్గర ఎడమచేతి రైఫిలు పాతదొకటుంది, ఆర్నెల్లు దాంతో కాల్చనీయండి అన్నాడు. ఇంత తేలిగ్గా చెప్పిన మనిషి మాట వినొచ్చు కదా? వినలేదు. రెండు లక్షలు పెట్టి కొన్నది ఇంట్లో మూలన పెట్టి, రంగు పోయిన రైఫిలుతో కాల్చడమా అనిపించింది. పట్టీ పెట్టించండి అన్నాను.

పద్నాలుగు నెలలు. ప్రతి శని, ఆదివారాలు అన్నోజిగూడ నుంచి నారపల్లి మీదుగా ఉప్పల్ దాటుకుని నాచారం. ఆ దారి సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2018లో మొదలైన ఎలివేటెడ్ కారిడార్ పనుల దుమ్మంతా మా కారు మీదే ఉండేది. మా అమ్మాయి స్కోరు మొదటి మూడు నెలలు పెరిగింది, తర్వాత ఆగిపోయింది. నడుం నొప్పి అనేది. మ్యాచ్ రైఫిలుకి నిబంధనల ప్రకారం గరిష్ఠ బరువు ఐదున్నర కిలోలు, మాది నాలుగున్నర పైనే. అరవై షాట్లకి అరవైసార్లు దాన్ని ఎత్తి, నడుం వెనక్కి వంచి, ఎడమ మోచేతిని తుంటి మీద ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడాలి. నొప్పి అన్నప్పుడల్లా నేను ఏం చేశానో తెలుసా? ఇంకో పదిహేను వేలు పెట్టి షూటింగ్ జాకెట్ కొన్నాను.

చివరికి ఒకరోజు కార్లో చెప్పింది. "నాకెప్పుడో ఇష్టం పోయింది డాడీ. నువ్వంత డబ్బులు పెట్టావని చెప్పలేదు" అని.

ఇది చదివి "పాపం" అనుకోవద్దు. నేనడిగేది సానుభూతి కాదు. రైఫిలు ఖరీదు ఎవరి మీద పడుతుందో చూడమంటున్నాను. పిల్లలు మన బ్యాంకు బ్యాలెన్సు లెక్క వేసుకోరనుకుంటాం, కానీ వాళ్ళు భుజానికెత్తుకునే తుపాకీ బరువులో అది కూడా కలుస్తుంది. క్లబ్బు రైఫిలుతో కాల్చే పిల్ల రెండో నెలలో "నాకు నచ్చలేదు" అని హాయిగా చెప్పి మానేస్తుంది. లేదా ఎడమవైపు నుంచి కాల్చి ఎక్కడికో వెళ్తుంది. నా రైఫిలు మా అమ్మాయికి రెండు దారులూ మూసేసింది.

ఇప్పుడు ఎదురు వాదనలు. మొదటిది ఎప్పుడూ గగన్ నారంగే. 2012 లండన్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్లో కాంస్యం వచ్చినప్పుడు పత్రికలన్నీ రాశాయి, కొడుక్కి రైఫిలు కొనడానికి తండ్రి ఉన్న స్థలం అమ్మేశాడని. మన మధ్యతరగతి నాన్నలకి అంతకన్నా కిక్కిచ్చే కథ ఉంటుందా? కానీ కథ మొదట్నుంచీ వినాలి. 1997లో వాళ్ళ నాన్న కొనిచ్చింది ఎయిర్ పిస్టల్. బేగంపేటలో ఇంటి పెరట్లో దాంతో మొదలుపెట్టాడు. స్థలం అమ్మి కొన్న రైఫిలు కుర్రాడి మొదటి ఆయుధం కాదు. మనం మాత్రం మొదటి అధ్యాయం ఎగరగొట్టి స్థలం రిజిస్ట్రేషన్ దగ్గర మొదలుపెడతాం.

రెండోది "మంచి పరికరం ఉంటే త్వరగా నేర్చుకుంటారు" అనేది. ఇక్కడ అంకెలు చూద్దాం, మనవాళ్ళకి అవే కదా ఇష్టం. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్లో నల్లటి భాగం 30.5 మిల్లీమీటర్లు, నడుమ పది చుక్క అర మిల్లీమీటరు. పెల్లెట్టు వ్యాసం నాలుగున్నర. 75 నిమిషాల్లో అరవై షాట్లు. మంచి మ్యాచ్ రైఫిలుని మరలో బిగించి కాలిస్తే పెల్లెట్లన్నీ దాదాపు ఒకే చిల్లులోంచి పోతాయి. క్లబ్బులో ఉండే పదేళ్ళ నాటి రైఫిలు దానికన్నా కాస్త వెనకబడుతుందేమో, అంతే. కొత్తవాడి చేతిలో అదే రైఫిలు తలా ఒక మూలకి కొడుతుంది. ఆ తేడా బ్యారెల్‌ది కాదు. నిలబడే తీరు, ఊపిరి, ట్రిగ్గర్ వేలు, ఇవన్నీ రోజూ ఒకేలా రావాలి. ఇందులో ఏదీ ఏ షోరూములోనూ దొరకదు.

అభినవ్ బింద్రా తన పుస్తకంలో రాశాడు, 2008 బీజింగ్ ఫైనల్‌కి ముందు రైఫిలు సైటు చెదిరిపోయి ట్రయల్ షాటు ఎక్కడికో పోయిందని. సర్దుకుని, ఆఖరి షాటు 10.8 కొట్టి బంగారు పతకం తెచ్చాడు. సైటు చెదిరితే కంగారుపడకుండా తిప్పుకోవడం పాత రైఫిలు మీదా నేర్చుకోవచ్చు.

మూడో రకం వాళ్ళతో అసలు చిక్కు. లక్షలు పెట్టరు, ఆన్‌లైన్లో పది పన్నెండు వేలకి స్ప్రింగు ఎయిర్ గన్ను, పైన టెలిస్కోపు బిగించింది తెప్పిస్తారు. మన దేశంలో 0.177 బోరు, ఇరవై జౌళ్ళ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిలుకి లైసెన్సు అక్కర్లేదు, గుర్తింపు పత్రాలిస్తే చాలు. .22 బోరు తూటా రైఫిలైతే లైసెన్సు, పోలీసు విచారణ.. కొత్తవాళ్ళకి ఆ ఊసే వద్దు. లైసెన్సు అక్కర్లేదు కదా అని, పవర్ ఎక్కువున్నది ఏరి మరీ కొంటారు. పది మీటర్ల పోటీ రైఫిలు శక్తి ఏడెనిమిది జౌళ్ళు! కాగితానికి చిల్లు పెట్టడానికి అంతకు మించి అక్కర్లేదు. శక్తివంతమైన స్ప్రింగు గన్ను పెల్లెట్టు బ్యారెల్ దాటేలోపే ముందుకీ వెనక్కీ తన్నుతుంది, కొత్తవాడికి తను చేసిన తప్పేదో గన్ను చేసిన తప్పేదో తెలీదు. టెలిస్కోపు పోటీల్లో నిషిద్ధం, సన్నటి రంధ్రం ఉండే పీప్ సైటే వాడాలి. అంటే ఆ గన్నుతో నేర్చుకున్నదాంట్లో చాలా మటుకు మళ్ళీ మర్చిపోవాలి.

పైగా కాల్చేదెక్కడ? డాబా మీద. మా వీధిలోనే ఒక పెద్దమనిషి పిట్టగోడ మీద కూల్‌డ్రింక్ సీసాలు పెట్టి కొడుకు చేత కాల్పించాడు. పక్కింటి సింటెక్స్ ట్యాంకుకి చిల్లు పడింది. ఆ ట్యాంకు పక్కనే బట్టలారేసే తీగ ఉంటుంది, రోజూ ఎవరో ఒకరు అక్కడ నిలబడతారు. ఆ రోజు లేరు. పెద్దమనిషి ట్యాంకు డబ్బులిచ్చేసి, విషయం అయిపోయిందనుకున్నాడు.

మరి క్లబ్బు రైఫిళ్ళు అంత బాగుంటాయా అంటే, ఉండవు. ఒక్కదాన్ని నలుగురు పంచుకుంటారు, చెంప ఆనించే చెక్క ఎవడో వచ్చి మార్చేసి పోతాడు, తిరిగి సరిచేసుకోవాలి. కొందరు కోచ్‌లు కూడా చేరిన వారానికే "సొంతది కొనండి" అని షాపు నంబరు చేతిలో పెడతారు. మన వైపు రేంజిలు తక్కువ, 2002 జాతీయ క్రీడలప్పటి పెద్ద రేంజి సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర, ఊరికి ఆ చివర. ఒప్పుకుంటాను. కానీ చెంప చెక్క రోజూ సరిచేసుకున్న పిల్లాడికి ఆర్నెల్లయ్యేసరికి తన మెడకీ చేతికీ ఏ కొలత కావాలో తెలుస్తుంది. అప్పుడు కొనమనండి. అప్పుడు కూడా ముందు జాకెట్టు, మంచి పెల్లెట్లు, తర్వాత రైఫిలు. మన ప్రెసిహోల్ వాళ్ళు దేశంలోనే చేస్తున్నవి కూడా చూడొచ్చు. సెకండ్ హ్యాండ్‌దైతే గాలి సిలిండరు మీద తేదీ చూసుకోవాలి. మామూలుగా పదేళ్ళే గడువు, పోటీలో దానికి బాధ్యత కాల్చేవాడిదే.

ఇదంతా చెప్పాక మా టీమ్మేటు ఏమన్నాడంటే, "అయితే ఎడమచేతి మోడళ్ళు కూడా షీట్లో కలుపుతా". :)

ఏం చెయ్యను? అక్కడే క్యాంటీన్లో చేతులు చాపించి గడియారం చూపించాను. ఆయనది కుడి కన్నే. వాళ్ళబ్బాయిది ఏదో ఆయనకి తెలీదు. పోయిన శనివారం నాచారం తీసుకెళ్ళాడు, పెట్టె లేకుండా. వారం వారం వెళ్తారో లేదో చూడాలి.

మా రైఫిలు బీరువా మీద ఉంది. మా అమ్మాయి ఇప్పుడు బ్యాడ్మింటన్ ఆడుతోంది, ఎడమ కన్నుతో ఏ ఇబ్బందీ లేదు. ఎవరికైనా కావాలంటే ఇచ్చేస్తాను, సిలిండరుకి ఇంకా ఆరేళ్ళు గడువుంది. కుడి కన్ను పెత్తనం అయ్యుండాలి, కనీసం ఆర్నెల్లు ఎక్కడో ఒకచోట కాల్చి ఉండాలి. ఆ రెండూ లేకుండా అడిగితే ఎంతిచ్చినా ఇవ్వను.