‘సూపర్’ అంటే సరిపోతుందా?

గోపాల్‌పూర్ తీరంలో వల లాగుతున్న జాలర్ల ఫొటో ఒకటి మన కుర్రాడు తెచ్చాడు. అందరం ‘సూపర్ తమ్ముడూ’ అన్నాం. సముద్రం ఓ పక్కకి ఒరిగింది, ఎదురెండలో మొహాలు నల్లబడ్డాయి. ఎవరమూ చెప్పలేదు. వెనకాల మాత్రం నవ్వుకున్నాం. అది అతని చెవిన పడింది. మళ్లీ ఫొటో తేలేదు.

ఇదా మర్యాద? ఉత్త బద్ధకం! ‘బాగోలేదు’ అని తీసిపారేయడమూ బద్ధకమే. తాడు బిగించిన ఆ చేతులు ఎంత బాగా పడ్డాయో ముందు చెప్పాలి. తర్వాత ఒక్క దిద్దుబాటు: ‘సూర్యుణ్ణి పక్కకి ఉంచుకుని తియ్యి, సముద్రం గీత సరిచూసుకో.’ అంతే.

వచ్చే ఆదివారం నా ఫొటో తెస్తాను. తప్పులు నాతోనే మొదలుపెట్టండి.