అరచేతిలో వైకుంఠం

"ఆన్‌లైన్ శిక్షణను కాదనేవాళ్లు అభివృద్ధి నిరోధకులు" అని ఈ మధ్య ఒక ఉపాధ్యాయ సభలో ఒక మిత్రుడు సెలవిచ్చారు. ఆయన అభ్యుదయవాదే. నాకు చాలాకాలంగా తోటివాడు కూడా. ఆయన వాదం సారాంశం ఇది: శిశువిద్యను గూర్చిన జ్ఞానం ఇంతకాలం పట్నాల్లోని శిక్షణ కళాశాలల్లో తాళం వేసి ఉండేది, ఈనాడది మన్యంలోని అంగన్‌వాడీ కార్యకర్త అరచేతిలోకి వచ్చింది, ఇంతకన్న ప్రజాస్వామ్యం ఇంకేమున్నది? సభలో చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఇంటికి వచ్చిన తర్వాతగాని నా చేతులు చేసిన పని నాకు తెలిసిరాలేదు.

ఈ విషయంలో నేను చేతులు కడుక్కుని కూర్చున్నవాణ్ణి కాదు. ఆ సంగతి ముందుగా చెప్పుకోవడం న్యాయం. ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి విరమించినవాణ్ణి. కొంతకాలం క్రితం ఒక సంస్థవారు అంగన్‌వాడీ కార్యకర్తల కోసం ఆన్‌లైన్ పాఠాలు తయారు చేస్తూ నన్నూ పిలిచారు. మూడు పాఠాలు రాశాను. కెమెరా ముందు నిలబడి నేనే చెప్పాను. మాతృభాషను గూర్చి, ఆటపాటలను గూర్చి, పసివాడి మాటను ఓపికతో వినడాన్ని గూర్చి ఎదురుగా ఒక్క మనిషి లేని గదిలో నలభై నిమిషాలు ఉపన్యసించాను. పారితోషికమూ పుచ్చుకున్నాను. ఒక్కొక్క పాఠానికి నాకు ముట్టినది ఒక కార్యకర్త నెల గౌరవ వేతనం కంటే ఎక్కువ. ఆ లెక్క నేను ఆనాడు వేసుకోలేదు.

తర్వాత కొన్ని నెలలకు ప్రకాశం జిల్లాలో మా బంధువుల ఊరికి వెళ్లి, పొద్దుపోక అక్కడి అంగన్‌వాడీ కేంద్రంలోకి తొంగిచూశాను. ఒకటే గది. అద్దెది. బియ్యం డ్రమ్ముకు ఆనించి పెట్టిన ఫోనులోంచి నా గొంతు వినిపిస్తున్నది! ఆయా ఆరోజు రాలేదు. టీచరమ్మ పొయ్యి మీద పప్పు చూసుకుంటూ, ఒక బిడ్డను తూకం వేస్తూ, కొట్టుకుంటున్న మరి ఇద్దరిని విడదీస్తున్నది. పాఠం నడుమ ప్రశ్న వచ్చినప్పుడల్లా తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని వచ్చి ఒక జవాబు నొక్కుతున్నది. తప్పయితే ఇంకొకటి. చివరకు "పూర్తి అయినది" అని ఫోను ప్రకటించింది. పైఅధికారుల లెక్కలో ఆమె మాతృభాష ప్రాముఖ్యాన్ని గ్రహించిన కార్యకర్త అయింది.

ఆ మాట్లాడింది నేనేనని చెప్పాను. ఆమె సిగ్గుపడిపోయింది. "మీరా మాస్టారూ! పనిలో పడి మొహం చూడలేదండీ" అన్నది. నేను ఆమెకంటే ఎక్కువ సిగ్గుపడవలసి ఉన్నది.

ఆ తర్వాత ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది. మూల కూర్చున్న మూడున్నరేళ్ల పిల్లవాణ్ణి చూపించి, "వీడు నాలుగు నెలల్నుంచీ ఇక్కడ నోరు విప్పడు. తండా పిల్లాడు, ఇంట్లో లంబాడీ మాట. మూగా కాదు, చెవుడూ కాదు. బయట మేకపిల్లతో మాట్లాడుతుంటే నేను రెండుసార్లు విన్నాను. నన్ను చూడగానే ఆపేస్తాడు. ఏం చేయమంటారు?" అన్నది. మాతృభాష మీద నలభై నిమిషాలు మాట్లాడిన వక్తకు నోటమాట రాలేదు. ఏదో గొణిగాను. నా పాఠంలో మాతృభాష అంటే తెలుగే. లంబాడీ పసివాడు తెలుగు టీచరు ముందు కూర్చుంటాడన్న ఆలోచన పాఠం రాసేటప్పుడు నాకు తట్టనేలేదు.

మిత్రులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. మేకపిల్లతో వాడు మాట్లాడడాన్ని ఆమె కనిపెట్టింది. చాటున నిలబడి విన్నది. రెండుసార్లని లెక్కపెట్టుకున్నది. శిశువిద్యలో ఆరంభమూ అదే, చాలామటుకు అంతమూ అదే. మరియా మాంటిసోరి 1907లో రోములోని పేదల పేటలో బాలల గృహం తెరిచినప్పుడు టీచర్ల నుంచి మొట్టమొదట కోరింది బోధన కాదు, పరిశీలన. ఆమె 1939లో మద్రాసు వచ్చి అడయారులో శిక్షణ తరగతులు పెట్టినప్పుడు అభ్యాసకులు వస్తువులను చేత్తో పట్టుకుని, తిప్పి, పొరపాటు పడి నేర్చుకున్నారు. (ఆ పద్ధతి మన దేశంలో చివరకు కలవారి బడులకు బోర్డుగా మారడం వేరే కథ.) తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్‌లు 1945లో బోర్డీలో, బడికి రాని పేద పిల్లల వాకిళ్లలోకే బడిని తీసుకుపోయారు. అంగన్‌వాడీ అన్న మాట వెనక ఉన్నది ఆ వాకిలే. ఈ విద్య వైద్యం వంటిది, మంత్రసానితనం వంటిది. పని చేసేవారి పక్కన నిలబడి నేర్చుకోవాలి. మనం చేస్తుంటే తెలిసినవారొకరు చూసి, "అక్కడ తొందరపడ్డావమ్మా" అని చెప్పాలి. ఫోను చూపిస్తుంది గాని చూడదు. చూసినా, చూసేది మరొకదాన్ని. ఆ సంగతికి వస్తాను.

2020 జాతీయ విద్యావిధాన పత్రం చూడండి. ఇంటర్మీడియట్, ఆపైన చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు శిశువిద్యలో 6 నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకు తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా అని అందులో ఉన్నది. మంచిదే. ఎట్లా నేర్పుతారయ్యా అంటే, డీటీహెచ్ చానళ్ల మీదా స్మార్ట్‌ఫోన్ల మీదా! చేస్తున్న పనికి అతి తక్కువ అంతరాయంతో వారు అర్హత సంపాదించుకుంటారట. నెలకు కనీసం ఒక ముఖాముఖి తరగతి కూడా చెప్పారు. అదైనా మూల్యాంకనం కోసం. అంటే నేర్చుకోవడం ఒంటరిగా, పరీక్ష నలుగురిలో.

"పనికి అంతరాయం లేకుండా" అన్న మాటను ఒక్కసారి నమిలి చూడండి. కలెక్టరు కాబోయే యువకుణ్ణి ముస్సోరి కొండమీదకు పంపేటప్పుడు ఈ మాట ఎవరూ అనరు. అతనికి శిక్షణే పని, శిక్షణాకాలానికి జీతం. అంగన్‌వాడీ కార్యకర్తకు మాత్రం శిక్షణ పనికి అంతరాయం. ఆమె చదువు పప్పు ఉడికే వేళ గాని, ఇంట్లో అందరూ నిద్రపోయిన తర్వాత గాని జరగాలి. రద్దయింది అంతరాయం కాదు, ఆమె విశ్రాంతి. శ్రమ గంటలను పెంచడానికి యజమానులు కనిపెట్టిన ఉపాయాల్లో వృత్తి వికాసమనే పేరు పెట్టుకున్నది ఇదొక్కటే అనుకుంటాను.

ఇంతకూ అది వృత్తి అని పాలకులు ఒప్పుకున్నారా? 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ మొదలైన నాటినుంచి వీరు "గౌరవ" కార్యకర్తలు; ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. వీరు ప్రభుత్వ పదవుల్లో ఉన్నవారు కారని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. గ్రాట్యుటీకి వీరు అర్హులేనని అదే కోర్టు 2022 ఏప్రిల్‌లో అన్నది. 2018 అక్టోబరు నుంచి కేంద్రం కార్యకర్త గౌరవ వేతనాన్ని 4,500 రూపాయలు చేసింది. పైన ఏమైనా కలిపితే రాష్ట్రాలు కలపాలి. ఆంధ్రప్రదేశ్‌లో 11,500 రూపాయల మీద బతుకుతున్న కార్యకర్తలు 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగారు. 26 వేల కనీస వేతనం, గ్రాట్యుటీ అడిగారు. ప్రభుత్వం 2024 జనవరిలో వారి మీద ఎస్మా ప్రయోగించింది. సమ్మె 42 రోజులు నడిచింది.

ఈ తర్కం చూడండి. జీతం అడిగినప్పుడు ఆమె స్వచ్ఛంద సేవకురాలు. సమ్మె చేసినప్పుడు అత్యవసర సేవల ఉద్యోగిని. శిక్షణ వేళకు వృత్తి నిపుణురాలు. పిల్లల్ని చూసుకోవడం ఆడదానికి పుట్టుకతో వచ్చిన విద్యేనన్న సాకుతో కూలి తగ్గిస్తారు. ఆమెకు ఏమీ రాదన్న సాకుతో మా వంటివాళ్ల చేత వీడియోలు చేయిస్తారు. ఈ రెండింటిలో ఏదో ఒకటే నిజం కావాలి గదా!

ఇక ఆ ఫోను సంగతి. 2021 మార్చి నుంచి పోషణ్ ట్రాకర్ అనే యాప్ దేశమంతటా అమలులోకి వచ్చింది. పిల్లల హాజరు, ఎత్తు, బరువు, పంచిన సరుకు అన్నీ అందులో ఎక్కించాలి. 2025 జూలై నుంచి ఇంటికిచ్చే రేషనుకు ముఖం గుర్తింపును కూడా తప్పనిసరి చేశారు. సంకేతం అందకపోయినా, తల్లి ముఖాన్ని ఫోను పోల్చుకోకపోయినా, సంజాయిషీ కార్యకర్తది. 2021లో మహారాష్ట్ర కార్యకర్తలు ప్రభుత్వమిచ్చిన ఫోనుల్ని తెచ్చి తిరిగి అప్పగించేశారంటే వారి ఓపిక ఎంతవరకు వచ్చిందో ఊహించుకోవచ్చు. ఆ పరికరమే ఇప్పుడు గురువు. అదే గుమాస్తా, అదే నిఘా జవాను. నేర్చుకోవడమంటే మొట్టమొదట "నాకిది తెలియదు" అని ఒకరి ఎదుట ఒప్పుకోవడం. తన తప్పులను లెక్కగట్టే యంత్రం ముందు ఎవరు ఒప్పుకుంటారు? అందుకే ఆమె సరైన జవాబు దొరికేదాకా నొక్కుతుంది. అది సోమరితనం కాదు, ఆత్మరక్షణ.

మిత్రుడు అంటారు: "మీరు యంత్రాన్ని ద్వేషిస్తున్నారు." కాదు. యంత్రాలు పగలగొట్టిన పాత కార్మికుల పొరపాటును మన ఉద్యమం ఏనాడో దాటింది. ఆ కేంద్రంలోనే ఆ ఫోనులో మరొకటి చూశాను. పక్క ఊళ్ల టీచర్లు నలుగురైదుగురు కలిసి పెట్టుకున్న వాట్సాప్ బృందం. పిల్లల పాటలు తామే పాడి పంపుకుంటారు. కొబ్బరి చిప్పలతో, చింతగింజలతో చేసిన ఆటవస్తువుల ఫొటోలు పెట్టుకుంటారు. "మా దగ్గర ఒకడు మన్ను తింటున్నాడు" అని ఒకామె అంటే నలుగురు బదులిస్తారు. ఆ మాటలకు మార్కులు లేవు, సర్టిఫికెట్టూ లేదు. నా మూడు పాఠాలకన్న అందులో ఎక్కువ శిశువిద్య ఉన్నది. యంత్రం అదే, అక్కడ మాట మాత్రం వారిది.

"మరి 14 లక్షల కేంద్రాలకు ముఖాముఖి శిక్షణ సాధ్యమా?" అన్నది రెండో ప్రశ్న. సాధ్యం కాదంటే ప్రభుత్వమే ఒప్పుకోదు. 2023 మేలో "పోషణ్ భీ, పఢాయీ భీ" పేరుతో మొదలుపెట్టిన కార్యక్రమంలో కార్యకర్తలను ఎదుట కూర్చోబెట్టి మూడేసి రోజులు శిక్షణ ఇస్తున్నారు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు "ఆధార్‌శిల" అనే పాఠ్యక్రమం 2024లో వచ్చింది. అందులో ఆటకు పెద్దపీట వేశారు. ఈ మేలును నేను కాదనను. కాని ఒక బిడ్డ మనసు తెలుసుకోవడానికి మూడు రోజులు, మిగిలినదానికి ఫోనూ చాలునంటే ఒప్పుకోలేను. ఉపాధ్యాయుల "నిష్ఠ" శిక్షణ 2019లో ముఖాముఖిగానే మొదలైంది. మహమ్మారి వచ్చి 2020లో ఆన్‌లైన్‌కు మారింది. ఆపద్ధర్మంగా వేసుకున్న పందిరి అది. వాన వెలిసిన తర్వాత కూడా ఇదే ఇల్లంటే ఎట్లా? చవకైనదాన్ని పాలకులు ఆధునికమని పిలవడం కొత్త కాదు. వారితో గొంతు కలిపి మనమూ ఆధునికమంటున్నాము. నా కోపం అక్కడ.

వెనకటి శిక్షణలన్నీ స్వర్గమని కూడా నేననడం లేదు. పసుపుపచ్చబడ్డ నోట్సును ఏళ్ల తరబడి చదివి వినిపించిన పాపం నాకున్నది. అయినా ఆ తరగతి వెనక బల్లల మీద, భోజనాల దగ్గర, రాత్రి హాస్టలు వరండాలో వాళ్లు ఒకరికొకరు నేర్పుకున్నారు. జీతాలను గూర్చి మాట్లాడుకున్నదీ, సంఘంలో చేరాలని అనుకున్నదీ అక్కడే. శిక్షణను ఒక్కొక్కరి అరచేతిలోకి చీల్చి పంచినప్పుడు ఆ వరండా మాయమవుతుంది. ఇది యాదృచ్ఛికమేనని నమ్మేటంత అమాయకత్వం ఈ పత్రిక పాఠకులకు ఉండదు.

ఆ టీచరమ్మకు కావలసింది ఏమిటి? తండాలో ఒక కార్యకర్త ఉన్నది, లంబాడీ మాట వచ్చినామె. ఒకరోజు కేంద్రాన్ని ఇంకొకరికి అప్పగించి ఈమె అక్కడికి పోవాలి. మరొకరోజు ఆమె ఇక్కడికి రావాలి. బస్సు చార్జీలు ఇవ్వాలి, ఆ రెండు రోజులకు వేతనం కోయకూడదు. వీరిద్దరూ నెలనెలా సెక్టారు మీటింగులో కలుస్తూనే ఉన్నారు. "అక్కడ పిల్లల ఊసెత్తే తీరిక ఎవరికున్నదండీ, యాపులో ఎవరు ఎంత వెనకబడ్డారన్నదే సరిపోతుంది" అన్నది.

మొన్న ఆ సంస్థవారు నాలుగో పాఠం అడిగారు. దానికి నాకిచ్చే డబ్బుతో ఇద్దరు కార్యకర్తలకు నాలుగు రోజులు పనిలో సెలవు, ప్రయాణపు ఖర్చు, వారి స్థానంలో పనిచేసినవారికి కూలి ఇప్పించగలరా అని ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఈ వ్యాసం ప్రతి ఒకటి నా మిత్రునికి కూడా పంపుతున్నాను. ఆయన సమాధానం రాస్తే తప్పక ఈ పత్రికలోనే అచ్చు వేయవలసిందని సంపాదకులను కోరుతున్నాను.