అన్నం వండుకుంటున్నాం, కూర కూడా వండుకుందాం

హైదరాబాద్‌లోని తార్నాక, విద్యానగర్, నల్లకుంట, అడిక్‌మెట్ గదుల్లోనూ యూనివర్సిటీ హాస్టళ్ళలోనూ ఉండి చదువుకుంటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు,

మీ గదుల్లో చాలావాటిలో ఒక రైస్ కుక్కర్ ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి అన్నం పెట్టేసి, ఒకరు కిందికి దిగి కర్రీ పాయింట్ నుంచి రెండు కవర్లు తెస్తారు. ఒకదాంట్లో పప్పు, ఇంకోదాంట్లో వేపుడు. నేనూ ఆరేళ్ళు అలాగే తిన్నాను. కర్రీ పాయింట్ నడిపే అక్కలను తప్పు పట్టను, వాళ్ళ వల్లే ఆ రోజులు గడిచాయి. కానీ ఆ కవరును ముగ్గురం పంచుకుంటే ఒక్కొక్కరికి రెండు గరిటెల పల్చటి పప్పు వచ్చేది. మిగతా కడుపంతా అన్నమే. పదకొండింటికల్లా మళ్ళీ ఆకలి. పరీక్షల ముందు ఆ ఆకలిని టీతో, బిస్కెట్లతో చంపుకునేవాళ్ళం.

మన యూనివర్సిటీ పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1958లో కూనూరు నుంచి హైదరాబాద్ వచ్చింది. 2024లో ఆ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2000 కేలరీల భోజనంలో పప్పు, గుడ్లు, మాంసం అన్నీ కలిపి రోజుకు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలి. ఒక్క రోజు మీరు తిన్నది లెక్క వేసుకోండి. దేశమంతా ఏం తినాలో చెప్పే చోటుకు ఇంత దగ్గర్లో ఉండి మన పిల్లలు ఉత్త అన్నంతో కడుపు నింపుకోవడం నాకు బాధగా ఉంది.

అన్నం ఎలాగూ వండుకుంటున్నారు. ఇంకొక్క అడుగు వెయ్యండి. ఒక స్టవ్, ఒక మూకుడు, ఒక చిన్న కుక్కర్ చాలు.

కోడిగుడ్డు పులుసుతో మొదలుపెట్టండి. ముగ్గురికి ఆరు గుడ్లు. మూడు చెంచాల నూనెలో రెండు పెద్ద ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిరపకాయలు తరిగి ఎర్రగా వేయించండి. తొందరపడకండి, పులుసు రుచి అంతా ఈ ఉల్లిపాయల్లోనే ఉంది. పసుపు, ఉప్పు, కారం వేసి, నిమ్మకాయంత చింతపండు పులుసు పొయ్యండి. చిన్న బెల్లం ముక్క వెయ్యండి. పులుసు బాగా మరిగి కాస్త చిక్కబడ్డాక మంట తగ్గించి, గుడ్లు ఒక్కొక్కటీ అందులోనే పగలగొట్టి విడివిడిగా వదలండి. గట్టిపడేదాకా గరిటె పెట్టకండి. గుడ్లు విడిగా ఉడకబెట్టే గ్యాసు మిగులుతుంది, లోపలిదాకా పులుపు పడుతుంది. అన్నంతో సహా ముగ్గురి భోజనం బండి మీద రెండు ప్లేట్ల ఫ్రైడ్ రైస్ ఖర్చుకు మించదు. కావాలంటే ఒకరోజు వండి లెక్క చూసుకోండి. మర్నాడు టమాటా పప్పు: కందిపప్పు అరగంట నానబెడితే త్వరగా ఉడుకుతుంది. చేతిలో డబ్బుల్లేని రోజు పచ్చిపులుసు ఉంది, దానికి తాలింపు తప్ప స్టవ్వే అక్కర్లేదు.

ఊరి నుంచి నాన్న వచ్చినా, స్నేహితుడి పుట్టినరోజైనా గుత్తి వంకాయ చెయ్యండి. పల్లీలు, నువ్వులు, ధనియాలు, ఎండుమిర్చి వేయించి, ఉప్పూ చింతపండూ చేర్చి నూరి, లేత వంకాయల్లో కూరి, నూనెలో మూతపెట్టి సన్నటి సెగ మీద మగ్గనిస్తే చాలు. పెళ్ళి భోజనంలో వడ్డించే కూర అది. కొడుకు చేతి వంట తిన్న నాన్న ఊరికి వెళ్ళి నలుగురికీ చెప్పుకుంటాడు.

అబ్బాయిలకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. అమెరికా వీసా రాగానే అమ్మ దగ్గర కూర్చుని పప్పు, చారు నేర్చుకుంటారు, సూట్‌కేసులో కుక్కర్ సర్దుకుంటారు. డాలస్‌లో అవసరమైన విద్య తార్నాకలో ఎందుకు అక్కర్లేదు? వెనకటి తరాల్లో పేద పిల్లలు రోజుకొకరింట్లో భోంచేస్తూ వారాలు చేసుకుని చదువుకున్నారు. మీరు గదిలోనే వారాలు వేసుకోండి. ముగ్గురుంటే తలా రెండు రోజుల వంట, ఆదివారం అందరూ కలిసి.

గ్యాస్ కనెక్షన్‌కు చిరునామా కాగితాలు లేవని ఆగిపోకండి. గుర్తింపు కార్డు చూపిస్తే 5 కిలోల సిలిండర్ గ్యాస్ ఏజెన్సీల్లోనూ కొన్ని పెట్రోల్ బంకుల్లోనూ ఇస్తారు. ఇండియన్ ఆయిల్ వాళ్ళు 2020లో దానికి ఛోటూ అని పేరు పెట్టారు. సందుల్లో పెద్ద సిలిండర్ నుంచి చిన్నదాంట్లోకి నింపి ఇచ్చే గ్యాసు మాత్రం ఎంత చవకైనా కొనకండి. అది ప్రాణాలకే ముప్పు.

హాస్టళ్ళ సంగతి వేరు. అక్కడ మంచం కింద కాయిల్ హీటర్ దాచి, వార్డెన్ వస్తే దుప్పటి కప్పేవాళ్ళం. ఒకసారి మా దుప్పటి అంటుకుంది. గోడ నల్లబడింది, ఎవరికీ ఏమీ కాలేదు. హీటర్లు లాక్కెళ్ళారు గానీ ఆకలి తీరే దారి ఎవరూ చూపలేదు. సెలవులకు మెస్ మూసేస్తే ఊరికి వెళ్ళలేనివాళ్ళు ఎక్కడ తినాలి? మెస్ ఉండాల్సిందే. దానితోపాటు అంతస్తుకొక వంటగది ఇవ్వాలని యూనివర్సిటీని అడుగుతున్నాను. రెండు ఇండక్షన్ స్టవ్‌లు, ఒక సింకు, పెద్ద కిటికీ. 2000 వాట్ల స్టవ్‌ను గదిలోని చిన్న ప్లగ్గు మొయ్యలేదు, 16 ఆంపియర్ల సాకెట్, దానికి తగ్గ వైరింగ్ కావాలి. దొంగచాటుగా వంద గదుల్లో జరిగే వంట కళ్ళెదుట ఒక గదిలో జరిగితే అగ్నిప్రమాదాల భయం తగ్గేది యాజమాన్యానికే.

ఇంటి యజమానులారా, 'వంట చెయ్యకూడదు' అన్న షరతు తీసెయ్యండి. స్టవ్ పెట్టుకోవడానికి కిటికీ పక్కన ఒక బండ వేయించండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అద్దె గదుల్లో ఉండేవాళ్ళు ఈ ఆదివారం పులుసు పెట్టండి. పక్క గదివాళ్ళను, హాస్టల్ స్నేహితులను పిలవండి. తిన్నాక అందరూ కలిసి హాస్టల్లో అంతస్తుకొక వంటగది కావాలని వార్డెన్‌కు అర్జీ రాసి, సంతకాలు చేసి, సోమవారం ఇచ్చి రండి.

ఇట్లు
మీలాగే గదుల్లోనూ హాస్టల్లోనూ ఉండి చదువుకున్న ఒక పాత విద్యార్థి