ఆట పిల్లాడిది, తప్పు ఎవరిది?

పిల్లాడు ఫోనులో తుపాకుల ఆట ఆడుతుంటే ముందు తల్లిదండ్రుల్నే తిడతాం. పెంపకం బాగోలేదని తీర్పు చెప్పేస్తాం. వాళ్లు ఎక్కడున్నారో మాత్రం అడగం.

రాజాం చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎందరో విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో వలస పోయారు. పిల్లలు నాయనమ్మల దగ్గర ఉండిపోయారు. అమ్మానాన్నల మాట వినపడేది ఆ ఫోనులోనే. దాన్ని లాక్కోమంటే ఎలా?

నిషేధించాలంటారు కొందరు. 2019లో రాజ్‌కోట్ పోలీసులు పబ్జీని నిషేధించి, ఆడిన విద్యార్థుల్ని అరెస్టు చేశారు. 2020 సెప్టెంబరులో కేంద్రం ఆపేసిన 118 యాప్‌లలో పబ్జీ కూడా ఉంది. చెప్పిన కారణం దేశ భద్రత, సమాచార రక్షణ. పసిమనసుల ఊసే లేదు! 2021లో ఆ ఆటే బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022లో ఆపారు, 2023లో మళ్లీ వదిలారు.

పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు పెద్దల అనుమతి కావాలన్నది కంపెనీ షరతు. నాయనమ్మ ఫోను మనవడి చేతిలో ఉంటే అనుమతి ఇచ్చేదెవరు? ఆ మనవడే!

తల్లిదండ్రులకు బాధ్యత లేదని కాదు. రోజూ ఇంటికొచ్చే ఉద్యోగులు పిల్లల పక్కన కూర్చుని ఆ ఆటేమిటో ఒక్కసారి చూడండి. విద్యార్థులారా, ఈ ఆటల గుట్టు మీకు తెలుసు. ఫోనుకు తాళం ఎలా వెయ్యాలో మీ వీధిలోని నాయనమ్మకు చూపించండి. సాయంత్రం పిల్లల్ని మైదానానికి తీసుకెళ్లండి.

ఊళ్లో పని చూపించలేని పాలకులు మాత్రం వలసకూలీలకు పెంపకం పాఠాలు చెప్పొద్దు.